ప్రవాసుల సంతానం: పౌరసత్వం, పాస్‌పోర్టు

బతుకుతెరువు కోసమో చదువు కోసమో పరదేశంలో కాపురమున్న దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డ ఏ దేశపు పౌరుడు అనే ప్రశ్నకు ప్రపంచంలోని చట్టాలు రెండు సూత్రాలలో ఒకదానినో, రెండింటి కలయికనో ఆధారం చేసుకొని సమాధానం చెబుతాయి. పుట్టిన నేలను బట్టి పౌరసత్వం ఇచ్చేది జన్మస్థల సూత్రం కాగా, తల్లిదండ్రుల పౌరసత్వాన్ని బట్టి ఇచ్చేది వంశానుగత సూత్రం. పాస్‌పోర్టు పౌరసత్వాన్ని పుట్టించదు. ఉన్న పౌరసత్వానికి సాక్ష్యంగా ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ పత్రం మాత్రమే. అయినా పసిబిడ్డ విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడడం కష్టం, ఎందుకంటే తల్లిదండ్రులు మొదటి ఏడాదిలో ఏ కార్యాలయానికి వెళ్ళారు, ఏ పాస్‌పోర్టు తీసుకున్నారు అన్న దానిని బట్టి బిడ్డ భారత పౌరసత్వం నిలవడమో పోవడమో జరిగే ఏర్పాటు నేటి భారత చట్టంలోనే ఉంది. బిడ్డకు మాటలు రాకముందే పెద్దలు చేసే ఈ పనుల ఫలితం ఆ బిడ్డ జీవితమంతా వెంట ఉంటుంది.

ప్రాచీన కాలం నుంచి పంతొమ్మిదో శతాబ్ది వరకు సముద్రం దాటిన తెలుగువారి సంతానానికి ఈ ప్రశ్న నేటి రూపంలో ఎదురుకాలేదు. పంతొమ్మిదో శతాబ్దిలో ఒప్పంద కూలీలుగా మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళినవారి పిల్లలూ, ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఫిజీ వెళ్ళినవారి పిల్లలూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలుగా పుట్టి, కాలక్రమంలో ఆయా దేశాల పౌరులయ్యారు.

బర్మా చరిత్ర వేరు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచీ, ఆ తర్వాత కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచీ రంగూన్ వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. ఓడరేవుల్లో బరువులెత్తడం, బియ్యపు మిల్లుల్లో పనిచేయడం, రిక్షా లాగడం వారి ప్రధాన వృత్తులు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళడం చట్టం దృష్టిలో పరదేశ ప్రయాణం కాదు. అక్కడ పుట్టిన బిడ్డకు పరదేశీ అనే పేరూ లేదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలోని భారతీయుల సంఖ్య పది లక్షలు దాటింది, రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంతకు ఏడాది ముందు, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె దరిమిలా చెలరేగిన అల్లర్లలో చాలామంది తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. ఇల్లు కదలకుండానే వేలాది కుటుంబాలు ఆ రోజు నుంచి పరదేశ నివాసులయ్యాయి. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన వలస ఒప్పందం రాకపోకలను కట్టడి చేయబూనగా, అదే ఏడాది డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేయడంతో లక్షలాది భారతీయులు పిల్లాపాపలతో అడవి దారుల్లో కాలినడకన అస్సాం వైపు, అరకాన్ వైపు కదిలారు. దారిలో మరణించినవారిలో పసిపిల్లలు ఎందరో ఉన్నారు.

1948 జనవరి 4న స్వతంత్రమైన బర్మా, తన గడ్డ మీద నివసిస్తున్న భారతీయులకు నిర్ణీత గడువులోగా దరఖాస్తు చేసుకొని పౌరసత్వం ఎంచుకునే వీలు కల్పించింది. 1942 జనవరి 1కి గానీ 1948 జనవరి 4కి గానీ ముందున్న పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అక్కడ నివసించి ఉండడం అందులో ప్రధానమైన షరతు. యుద్ధంలో ఇళ్ళు తగలబడి, వలసదారిలో కాగితాలు పోయిన కూలీ కుటుంబం ఆ ఎనిమిదేళ్ళ నివాసాన్ని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. చాలామంది దరఖాస్తే చేయలేదు. వారి పిల్లలు పుట్టిన ఊళ్ళోనే విదేశీయుల నమోదు పత్రంతో పెరిగారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో వ్యాపారాలను జాతీయం చేసిన తర్వాత లక్ష మందికి పైగా భారతీయులు బర్మా విడిచి వచ్చారు. ఓడల్లో విశాఖపట్నం, మద్రాసు రేవులకు చేరినవారికి ప్రభుత్వం పునరావాస కాలనీలు కట్టించింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ చరిత్రను నేటికీ నిలుపుతోంది. తల్లిదండ్రుల చేతిలో కాగితం లేకపోతే బిడ్డకు దేశం లేకుండా పోతుందన్న సత్యాన్ని తెలుగువారు మొదట తెలుసుకున్నది బర్మాలోనే.

భారత రాజ్యాంగంలోని పౌరసత్వ అధికరణాలు మిగిలిన భాగాల కంటే ముందుగా, 1949 నవంబరు 26 నుంచే అమలులోకి వచ్చాయి. వాటిలో 8వ అధికరణం ప్రవాసుల కోసం చేర్చినది: తాను గానీ, తల్లిదండ్రులలో ఒకరు గానీ, తాత, అవ్వలలో ఒకరు గానీ అవిభక్త భారతదేశంలో పుట్టి ఉంటే, పరదేశంలో నివసిస్తున్న వ్యక్తి అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేసుకొని భారత పౌరుడు కావచ్చు. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని 9వ అధికరణం చెబుతుంది. మిగిలిన వివరాలను పార్లమెంటుకు వదిలివేయగా, 1955 డిసెంబరు 30న పౌరసత్వ చట్టం వచ్చింది. దాని 4వ సెక్షను పరదేశంలో పుట్టిన బిడ్డకు వంశానుగతంగా పౌరసత్వం ఇచ్చింది, కానీ బిడ్డ పుట్టిన నాటికి తండ్రి భారత పౌరుడై ఉండాలన్నది నియమం. తల్లి భారతీయురాలై, తండ్రి విదేశీయుడైతే ఆ బిడ్డకు పుట్టుకతో భారత పౌరసత్వం లేదు. తల్లి దరఖాస్తు పెట్టి 5వ సెక్షను కింద మైనరుగా నమోదు చేయించాలి. నవమాసాలు మోసిన తల్లి పౌరసత్వానికి లెక్క లేని ఈ స్థితి 1992 వరకు సాగింది.

పాస్‌పోర్టు విషయంలో 1967 వరకు ప్రభుత్వ విచక్షణే చట్టం. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదనీ తీర్పు చెప్పగా, జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

1992 నాటి సవరణ ఈ చరిత్రలో అన్నిటికంటే న్యాయమైన మలుపు. ఆ ఏడాది డిసెంబరు 10 నుంచి, పరదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి గానీ తండ్రి గానీ, ఎవరు భారత పౌరులైనా సరిపోతుందని 4వ సెక్షనును మార్చారు. ఆ మరునాడే, డిసెంబరు 11న, భారతదేశం ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. పుట్టిన వెంటనే నమోదు, పేరు, జాతీయత పొందే హక్కు బిడ్డకు ఉన్నాయని ఆ ఒడంబడిక 7వ అధికరణం పేర్కొంటుంది. అయితే సవరణ వెనుకటి తేదీకి వర్తించదు కనుక, డిసెంబరు 9న పుట్టిన బిడ్డకూ 10న పుట్టిన బిడ్డకూ చట్టం వేర్వేరు సమాధానాలు చెబుతుంది.

పన్నెండేళ్ళకు మరో మార్పు వచ్చింది. 2003లో ఆమోదం పొంది 2004 డిసెంబరు 3 నుంచి అమలైన సవరణ ప్రకారం, పరదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల పౌరసత్వం ఒక్కటే చాలదు. పుట్టిన ఏడాదిలోగా భారత కాన్సులేటులో జననాన్ని నమోదు చేయించాలి, బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఇలా పౌరసత్వం పొందిన బిడ్డకు మరో దేశపు పౌరసత్వం కూడా ఉంటే, యుక్తవయసు వచ్చిన ఆరు నెలల్లో దానిని వదులుకోవాలి, లేకపోతే భారత పౌరసత్వం రద్దవుతుంది. స్వదేశంలో పుట్టిన పిల్లల విషయంలోనూ జన్మస్థల సూత్రం క్రమంగా కుదించుకుపోయింది: 1987 జూలై 1కి ముందు భారతదేశంలో పుడితే చాలు, ఆ తర్వాత తల్లిదండ్రులలో ఒకరు పౌరులై ఉండాలి, 2004 డిసెంబరు 3 తర్వాత ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

ఈ నమోదు నియమం గల్ఫ్ దేశాలలోని తెలుగు కుటుంబాలకు ప్రాణావసరం. అక్కడ ఎన్ని తరాలు నివసించినా పరదేశీయుల బిడ్డకు పుట్టుకతో స్థానిక పౌరసత్వం రాదు కనుక, భారత పౌరసత్వం నిలబెట్టుకోకపోతే ఆ బిడ్డకు ఏ దేశమూ మిగలదు. ఎమిరేట్స్‌లో బిడ్డ పుట్టిన 120 రోజుల్లోగా నివాస అనుమతి తీసుకోవాలి. అందుకు బిడ్డ పేరిట పాస్‌పోర్టు ఉండాలి. పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రం ఉండాలి. జనన ధ్రువపత్రానికి ఆసుపత్రి వారు తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం అడుగుతారు. ఊళ్ళో గుడి దగ్గరో ఇంటి ముందు పందిట్లోనో పెళ్ళి చేసుకొని, దానిని నమోదు చేయించకుండా విమానమెక్కిన దంపతులకు ఈ గొలుసు మొదటి కడియం దగ్గరే తెగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లోనే వచ్చింది.

అమెరికాలో పరిస్థితి దీనికి సరిగ్గా ఎదురు. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ఆ నేల మీద పుట్టినవారికి పౌరసత్వం ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో అక్కడి సుప్రీంకోర్టు, తల్లిదండ్రులు పౌరులు కాలేని జాతివారైనా బిడ్డ పౌరుడేనని తేల్చింది. భారతీయులకు పౌరసత్వార్హత లేదని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అదే కోర్టు చెప్పినా, 1946లో చట్టం మారే వరకు ఆ నిషేధం కొనసాగినా, అక్కడ పుట్టిన భారతీయుల పిల్లల హక్కు చెక్కుచెదరలేదు. 1965 వలస చట్టం తర్వాత వెళ్ళిన తెలుగు వైద్యుల, ఇంజనీర్ల పిల్లలు, 1990ల నుంచి హెచ్1బి వీసా మీద వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలు ఈ రక్షణలోనే పుట్టారు. అయితే తల్లిదండ్రుల వెంట పసితనంలో వెళ్ళిన పిల్లల గతి వేరు. శాశ్వత నివాసానికి ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస దశాబ్దాల పొడవున సాగుతోంది. ఆ నిరీక్షణలోనే బిడ్డకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడిన వీసా చెల్లదు. 2002 నాటి చట్టం కొంత వయసును లెక్కలోంచి మినహాయించినా అందరినీ ఆదుకోలేదు. ఒకే ఇంట్లో అక్క విదేశీయురాలిగా, తమ్ముడు అమెరికా పౌరుడిగా పెరిగే కుటుంబాలు ఇలాగే ఏర్పడ్డాయి. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ జారీచేసిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాకపోతే బిడ్డ పౌరసత్వాన్ని గుర్తించరాదని చెప్పింది. మూడు రోజులకే సియాటిల్ ఫెడరల్ కోర్టు దానిని నిలిపివేసింది. కింది కోర్టులు దేశమంతటికీ వర్తించే నిషేధాలు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు జూన్ 27న పరిమితం చేయగా, జూలైలో న్యూహాంప్‌షైర్ కోర్టు పిల్లలందరినీ ఒక వర్గంగా పరిగణించి ఉత్తర్వును మళ్ళీ ఆపింది.

పుట్టిన దేశపు పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలకు భారతదేశంతో చట్టబద్ధమైన బంధం కల్పించే ప్రయత్నం 1999లో భారత సంతతి కార్డుతో మొదలైంది. దాని రుసుము మొదట వెయ్యి డాలర్లు కావడంతో ఆదరణ లభించక, 2002లో 310 డాలర్లకు తగ్గించారు. అదే ఏడాది ఎల్.ఎం. సింఘ్వీ అధ్యక్షతన గల ఉన్నత స్థాయి సంఘం ద్వంద్వ పౌరసత్వాన్ని సిఫారసు చేసింది. దాని ఫలితంగా వచ్చిన విదేశీ భారత పౌరసత్వం, అంటే ఓసీఐ, 2005 డిసెంబరు 2 నుంచి అమలైంది. మొదటి కార్డులను ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో అందజేయడం తెలుగువారు గుర్తుంచుకోదగినది. పేరులో పౌరసత్వం ఉన్నా ఇది జీవితకాలపు వీసా వంటిదే. దీనితో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. 2015లో రెండు కార్డులనూ ఒకటి చేశారు. తల్లిదండ్రులు ఇద్దరూ లేదా ఒకరు భారత పౌరులైన విదేశీ మైనరుకు కూడా ఓసీఐ లభిస్తుంది. మారిషస్‌లోని భారత సంతతివారికి 2024లో ఈ అర్హతను ఏడో తరం వరకు విస్తరించారు.

ఓసీఐ పిల్లల చదువుల మీద వివాదం కూడా వచ్చింది. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ వారిని వైద్య, ఇంజనీరింగ్ ప్రవేశాలలో ప్రవాస కోటాకే పరిమితం చేయగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ తేదీకి ముందే ఓసీఐ పొందినవారికి అది వర్తించదని తీర్పు చెప్పింది. 2024 అక్టోబరు తీర్పు దీనికంటే లోతైనది. తల్లిదండ్రులు సింగపూరు పౌరసత్వం స్వీకరించే నాటికి గర్భస్థ శిశువుగా ఉన్న యువకుడు, పెద్దయ్యాక భారత పౌరసత్వం తిరిగి కోరగా మద్రాసు హైకోర్టు అంగీకరించింది. పౌరసత్వాన్ని ప్రకటన ద్వారా వదులుకున్నవారి మైనరు పిల్లలకు మాత్రమే, యుక్తవయసు వచ్చిన ఏడాదిలోగా దానిని తిరిగి పొందే హక్కును పౌరసత్వ చట్టం 8వ సెక్షను ఇస్తుందనీ, పరదేశ పౌరసత్వం స్వీకరించడంతో 9వ సెక్షను కింద దానంతటదే పోయిన సందర్భంలో ఆ హక్కు లేదనీ సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని పుల్లలచెరువు వంటి వర్షాధార మండలాల నుంచి వలసలు పూర్వం గుంటూరు, హైదరాబాదు, బెంగుళూరు వైపు సాగి, సాఫ్ట్‌వేర్ చదువులు వచ్చాక దేశం దాటాయి. అమెరికాలో పుట్టిన పసివాళ్ళను అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర వదిలి వెళ్ళడం తెలుగునాట సాధారణమైంది. ఆ బిడ్డ చట్టరీత్యా విదేశీయుడు కనుక వీసానో ఓసీఐనో చెల్లుబాటులో ఉండాలి. పదహారేళ్ళలోపు వారికి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు, దానికి తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. దంపతులు విడిపోయి తండ్రి సంతకం పెట్టనప్పుడు పుట్టింట ఉన్న తల్లీబిడ్డలు ఏళ్ళ తరబడి చిక్కుకుపోవడం ఈ వ్యవస్థలోని క్రూరమైన లోపం. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ఏర్పడడంతో ఇటువంటి పనుల కోసం మద్రాసు వెళ్ళే అవసరం తప్పింది.

కాన్సులేటులో జననం నమోదు కాకుండా, స్వదేశంలో స్థిరపడే ఉద్దేశంతో తిరిగివచ్చిన కుటుంబాలకు 1969 నాటి జనన మరణ నమోదు చట్టం 20వ సెక్షను ఒక దారి చూపుతుంది: బిడ్డ భారతదేశం చేరిన 60 రోజుల్లోగా స్థానిక రిజిస్ట్రారు వద్ద ఆ జననాన్ని నమోదు చేయించవచ్చు. ఇది జననానికి రుజువే గాని పౌరసత్వ చట్టం కోరే నమోదుకు ప్రత్యామ్నాయం కాదు. ఓసీఐ కోసం తాతల పుట్టుకను రుజువు చేయవలసి వచ్చినప్పుడు పశ్చిమ ప్రకాశం ప్రాంతీయులు ఒక సంగతి గమనించాలి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. ఆ ఏడాది ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి తాత బడి పత్రంలో కర్నూలు జిల్లా అనీ, తండ్రి పత్రంలో ఒంగోలు జిల్లా అనీ, తర్వాతివారి పత్రాల్లో ప్రకాశం అనీ ఒకే ఊరికి మూడు జిల్లాల పేర్లు కనిపించవచ్చు. దరఖాస్తుతో పాటు ఆ మార్పుల వివరణ జతపరచడం మేలు.