షుగరు మాత్రకి అండాశయంతో ఏం పని?

పీసీఓఎస్ అని తేలిన అమ్మాయి మందుల చీటీలో మెట్‌ఫార్మిన్ కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళ గుండె గుభేలుమంటుంది. "పిల్లకి షుగరా?" అని ఒకరు, "పెళ్ళివారికి తెలిస్తేనో?" అని ఇంకొకరు. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఎవరు ఏ మందు వేసుకోవాలో చెప్పడం నా పని కాదు. కానీ ఆ మాత్ర ఆ చీటీలోకి ఎలా వచ్చిందో తెలిస్తే భయం సగం తగ్గుతుందని నా నమ్మకం.

1921లో పారిస్‌లో అషార్, తియేర్ అనే ఇద్దరు వైద్యులు గడ్డం వచ్చిన ఆడవాళ్ళలో మధుమేహం గురించి రాశారు. మరుసటి ఏడాదే, 1922లో, డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే రసాయన శాస్త్రజ్ఞులు మెట్‌ఫార్మిన్ తయారుచేశారు. అంటే రోగానికి ఆచూకీ, దాని మందు ఏడాది తేడాతో దొరికాయన్నమాట. ఆ రెండూ కలుసుకోడానికి మాత్రం డెబ్భై ఏళ్ళు పైనే పట్టింది!

ఎందుకంటే మధ్యలో అందరి చూపూ అండాశయం మీదకి పోయింది. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీల గురించి రాశారు. నెలసరి ఆగిపోయి, అండాశయాలు ఉబ్బి, నిండా బుడిపెల్లాంటివి ఉన్నవాళ్ళు. అండాశయంలో కొంత ముక్క కోసి తీసేస్తే ఏడుగురికీ నెలసరి తిరిగొచ్చింది, ఇద్దరు గర్భవతులయ్యారు. ఇంకేం, దశాబ్దాల పాటు కత్తే వైద్యం. ఆ బుడిపెలు నిజానికి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు. మా భాషలో చెప్పాలంటే, బగ్గు కనబడేది స్క్రీను మీద, ఉండేది ఇంకెక్కడో.

ఆ "ఇంకెక్కడో" 1980లో బయటపడింది. అమెరికాలోని మెంఫిస్‌లో బర్గెన్, ఆయన సహచరులు ఈ స్త్రీలలో ఇన్సులిను, మగ హార్మోను కలిసి పెరుగుతున్నాయని చూపించారు. 1989లో ఆండ్రియా డునైఫ్ బృందం లావుగా లేనివాళ్ళలోనూ ఇన్సులిను సరిగ్గా పనిచెయ్యట్లేదని తేల్చింది. ఒంటికి ఇన్సులిను పట్టకపోతే క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిను అండాశయం చేత మగ హార్మోను ఎక్కువగా చేయిస్తుంది. ఆ హార్మోనుని కట్టిపడేసే ప్రోటీనుని కాలేయంలో తగ్గిస్తుంది కూడా. దాంతో అండం ఎదగడం ఆగిపోతుంది.

మరి ఇన్సులినుని తగ్గిస్తే? 1957లో జాన్ స్టెర్న్ మధుమేహానికి పరిచయం చేసిన మెట్‌ఫార్మిన్ అప్పటికే ఉంది. 1994లో వెనిజులాలోని మెరీదాలో వెలాస్కెజ్ బృందం దాన్ని పీసీఓఎస్ స్త్రీలకి ఇచ్చి చూసింది. ఇన్సులిను తగ్గింది, మగ హార్మోను తగ్గింది, నెలసరి గాడిన పడింది, కొందరు గర్భం దాల్చారు. 1998లో నెస్లర్ బృందం స్థూలకాయం ఉన్నవాళ్ళ మీద చేసిన ప్రయోగం ఇంకా ఊపు తెచ్చింది: మెట్‌ఫార్మిన్‌తో పాటు క్లోమిఫీన్ ఇస్తే 21 మందిలో 19 మందికి అండం విడుదలైంది. ఉత్తుత్తి మాత్రతో పాటు క్లోమిఫీన్ ఇస్తే 25 మందిలో ఇద్దరికే.

ఆ ఉత్సాహంలోనే ట్రోగ్లిటజోన్ అనే ఇంకో ఇన్సులిను మందునీ పీసీఓఎస్ మీద పరీక్షించారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్లోంచి తీసేశారు. పాత మాత్రే మిగిలింది.

డెమోలో అదిరిపోయింది ప్రొడక్షన్‌లో ఏమవుతుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2007లో లెగ్రో బృందం 626 మంది మీద చేసిన పరీక్షలో బిడ్డ పుట్టింది క్లోమిఫీన్‌తో 22.5 శాతం మందికి, మెట్‌ఫార్మిన్‌తో 7.2 శాతం మందికే. రెండూ కలిపితే 26.8, అంటే క్లోమిఫీన్ ఒక్కదానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2014లో లెట్రోజోల్ క్లోమిఫీన్‌ని కూడా దాటేసింది. "మెట్‌ఫార్మిన్ పని అయిపోయింది" అన్నారు కొందరు.

నా గొడవంతా ఇక్కడే. ఆ పరీక్ష అడిగిన ప్రశ్న "బిడ్డ పుట్టిందా?" అని. దానికి నిజాయితీగానే జవాబొచ్చింది. కానీ ఆడమనిషి ఒంట్లో అడగాల్సిన ప్రశ్న అదొక్కటేనా? 1921లో కనబడింది మధుమేహం కదా! 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు గర్భం కోసం లెట్రోజోల్‌ని ముందు పెట్టి, మెట్‌ఫార్మిన్‌ని ముఖ్యంగా బరువు ఎక్కువున్నవాళ్ళలో చక్కెర, ఇన్సులిను సంగతులు చూసుకోడానికి ఉంచాయి. తిరిగి తిరిగి అది తన అసలు ఉద్యోగానికే వచ్చిందన్నమాట.

ఇంకో ముక్క. అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుకి అనుమతిచ్చింది మధుమేహానికే, పీసీఓఎస్‌కి కాదు. అక్కడి కరపత్రంలో షుగరు మాటే ఉంటుంది. మన ఇళ్ళలో కంగారుకి మూలం కూడా మందుకున్న ఆ పేరే.

"పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అని మనవాళ్ళంటారు. పెళ్ళయి పిల్లలు పుట్టాక డాక్టరు దగ్గరికి వెళ్ళడమూ ఆగిపోతుంది. ఇన్సులిను గొడవ మాత్రం ఆగదు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి మొదట్లోనే ఒకసారి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్ళకోసారి చక్కెర పరీక్ష చెయ్యమని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. "పిల్లకి షుగరా?" అని భయపడే పెద్దలు ఆ ప్రశ్నని ఏడాదికోసారి లాబులో అడిగితే మేలు.