చక్రం అంచున ఒక గీత

కారు చక్రం అంచున పడిన గీత మీద చరిత్ర వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. రాజుల మీద, శాసనాల మీద, బొబ్బిలి యుద్ధం మీద వ్రాయడానికి ఎందరో ఉన్నారు. చక్రాలు చేసినవారి గురించి, వాటిని బాగుచేసినవారి గురించి వ్రాసేవారే తక్కువ. అందుచేత ఈసారి నేను ఆ పని పెట్టుకున్నాను.

సంగతి ఇది. అల్లాయ్ చక్రాలున్న కారును రోడ్డు వారగా ఆపబోతాం. పేవ్‌మెంటు గట్టుకు చక్రం రాసుకుంటుంది. వెండిలా మెరిసే అంచు మీద నాలుగు వేళ్ళ మేర గరుకు గీత పడుతుంది. కారు నడకలో తేడా ఏమీ తెలియదు గాని, యజమాని మనసులో ముల్లు దిగుతుంది. రంగులు వేసే షెడ్డుకు తీసుకువెళితే ఆ గీతను మాపి, చక్రాన్ని కొత్తదానిలా చేసి ఇస్తారు. చూడడానికి ఇది కేవలం అలంకారానికి సంబంధించిన పని. కాని గాయం పైచర్మానిదా, ఎముకదా అని ముందుగా తేల్చుకోవలసిన బాధ్యత ఇందులో ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పాత పనివాళ్ళకు ఆ విచక్షణ ఎలా ఉండేదో చెప్పడమే నా ఉద్దేశం.

మొదట ఎడ్లబండి సంగతి చూద్దాం. అరసవల్లి సూర్యనారాయణస్వామి రథానికి ఒకటే చక్రమని పురాణం. మన రైతు బండికి రెండు. నడుమ కుండ, కుండలోంచి ఆకులు, ఆకుల చివర్లను కలుపుతూ వంపు తిరిగిన చెక్కలు, ఆ చెక్కల చుట్టూ ఇనుప పట్టా. చెక్క పని వడ్రంగిది, పట్టా పని కమ్మరిది. పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కొంచెం చిన్నదిగా చేస్తారు. తరువాత నిప్పుల్లో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. నాలుగు మీటర్ల ఇనుప పట్టా 500 డిగ్రీల మేర వేడెక్కితే ఇంచుమించు 24 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారగానే ఆ సాగినదంతా ముడుచుకొని ఆకులను, చెక్కలను, కుండను ఒకదానిలోకి ఒకటి బిగించివేస్తుంది. ఎండాకాలంలో చెక్క ఎండి పట్టా వదులైతే, రైతు చక్రాలను చెరువులో నానబెట్టేవాడు.

ఆ చక్రంలో గాయపడే చోటు ఏదో తయారుచేసిన రోజే నిర్ణయమైపోయింది. రాయి తగిలినా, గులకలు ఒరిసినా ఆ దెబ్బ పట్టాకే. పట్టా అరిగితే కొత్తది వేస్తారు. చెక్క జోలికి దెబ్బ పోదు. అంచు ఉన్నదే గాయాలు మోయడానికి. అందువల్ల పట్టా మీద గీత పడిందని ఏ రైతూ దిగులుపడిన దాఖలా ఉండదు. ఆకు కదిలిందా, కుండ పగిలిందా అన్నదే అతని దిగులు.

రైలు కూడా ఈ సూత్రాన్నే పట్టుకుని మన ప్రాంతానికి వచ్చింది. తూర్పు కోస్తా రైలుమార్గం 1893-96 సంవత్సరాలలో బెజవాడనూ కటకాన్నీ కలుపుతూ మన రెండు జిల్లాల మీదుగా పడింది. నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్నరైలు 1900లో నడిచింది. ఆనాటి రైలుపెట్టెల, ఇంజన్ల చక్రాలకు ఉక్కు పట్టాను వేడిచేసి తొడగడం మామూలు. కమ్మరి కొలిమిలో జరిగిన పనే రైల్వే వర్కుషాపులో పెద్ద ఎత్తున జరిగిందన్నమాట. బండి స్టేషనులో ఆగినప్పుడు పొడుగు కర్ర సుత్తి పట్టుకొని ఒక మనిషి చక్రాలను కొట్టుకుంటూ పోయేవాడు. ఖంగుమంటే చక్రం మంచిది. బొంగురుగా పలికితే పట్టా వదులైనట్టు, లేదా ఎక్కడో బీట ఉన్నట్టు. పైన ఎంత మసి, ఎంత తుప్పు పట్టి ఉన్నా అతనికి పట్టింపు లేదు. అతను చూపును కాక చెవిని నమ్మాడు.

మిశ్రలోహం విషయానికి వస్తే, ఈ చెవి విద్య మన కంచరులకు ఇంకా ముందే తెలుసు. సారవకోట మండలంలోని బుడితి గ్రామం కంచు, ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రాగిలో తగరం కలిస్తే కంచు, యశదం కలిస్తే ఇత్తడి. తగరం పాలు నూటికి ఇరవై దాటిన కంచు చక్కగా మోగుతుంది గాని, చల్లగా ఉన్నప్పుడు పెళుసు. ఎర్రగా కాగినప్పుడు సుత్తికి లొంగుతుంది. చల్లని కంచు మీద మొరటు దెబ్బ వేస్తే పగులుతుంది. ఇత్తడి అలా కాదు, సొట్ట పడితే లోపలి నుండి కొట్టి సరిచేయవచ్చు. కాబట్టి ఒక పాత్ర బాగుచేయడానికి వస్తే మొదటి ప్రశ్న “ఇది ఏ లోహం?”. రెండవది “మోగుతుందా?”. పగిలిన కంచు గిన్నెను చింతపండుతో తోమి ఎంత తళతళలాడించినా వేలితో మీటగానే గుట్టు బయటపడుతుంది. మెరుపు తరువాతి మాట.

‘అల్లాయ్’ అన్న ఇంగ్లీషు మాట కూడా మన దగ్గరికి కారు చక్రాలతో రాలేదు. చీపురుపల్లి, గరివిడి ప్రాంతపు మాంగనీసు గనులు 1890లలోనే మొదలయ్యాయి. మన దేశంలో మాంగనీసు తవ్వకాలకు ఆరంభం ఈ ప్రాంతమే. స్వాతంత్ర్యం తరువాత గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలసింది. జనం నోట అది ‘ఫేకర్’. అక్కడ తయారైన ఫెర్రో మాంగనీసు ఉక్కులో కలిసి ఉక్కుకు గట్టిదనం ఇస్తుంది.

ఆ ఉక్కు చక్రాలతోనే మన ఊళ్ళలో కార్లు చాలాకాలం నడిచాయి. రబ్బరు టైరు తొడుక్కొని ఎడ్లబండి కూడా ‘డన్‌లప్ బండి’గా మారింది. అంబాసిడర్, ఫియట్ కార్ల ఉక్కు చక్రం గట్టుకు కొట్టుకుంటే సొట్ట పడేది. మెకానిక్కు సుత్తితో సరిచేసి నల్లరంగో, వెండిరంగో పూసేవాడు. దాని ముఖం మీద ఒక మూత ఉండేది. గీతలన్నీ ఆ మూతకే. అది పాడైతే ఇంకొకటి కొనేవారు. ఇనుప పట్టా చేసిన త్యాగమే మరో రూపంలో ఈ మూత చేసింది.

అల్యూమినియం చక్రం ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. 1924లో ఫ్రాన్సులో బుగాట్టి సంస్థ తన పందెపు కారుకు పోతపోసిన అల్యూమినియం చక్రాలు అమర్చింది. బరువు తగ్గడం, బ్రేకుల వేడి తొందరగా చెదరడం అప్పటి ప్రయోజనాలు. మన మార్కెట్టులో మామూలు కుటుంబాల కార్లకు ఇవి విరివిగా వచ్చింది 2000 తరువాత. ఇప్పటి చక్రంలో సాధారణంగా అల్యూమినియంతో పాటు నూటికి ఏడు పాళ్ళ సిలికాన్, కొద్దిపాటి మెగ్నీషియం ఉంటాయి. పోత పోశాక 540 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి కాచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 160 డిగ్రీల చుట్టుపక్కల నిదానంగా కాస్తారు. ఆ పాకంతోనే దానికి బలం. ఇక్కడ వేరే పట్టా లేదు, మూత లేదు. అందమూ బలమూ ఒకే లోహంలో ఉన్నాయి. టైరు పక్కగోడ పొట్టిదయ్యేకొద్దీ అంచు బయటికి వచ్చి దెబ్బకు ఎదురు నిలుచుంది.

అదే కాలంలో గట్టూ వచ్చింది. పాత మద్రాసు–కలకత్తా రోడ్డుకు ఇరువైపులా మట్టి అంచులే. బండి దిగితే మట్టిలోకి దిగేది. స్వర్ణ చతుర్భుజి పథకంలో ఐదవ నంబరు జాతీయ రహదారి (2010 తరువాత పదహారవ నంబరు) నాలుగు వరుసలైంది. భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాసల మీదుగా ఇచ్ఛాపురం దాకా నడుమ డివైడరు, ఊళ్ళ దగ్గర సిమెంటు గట్లు లేచాయి. మెత్తని లోహమూ గట్టి గట్టూ ఒకే తరంలో ఎదురుపడ్డాయి. ఈ గీత వయసు అంతే.

ఇక చికిత్స. టైరు విప్పి, చక్రాన్ని కడిగి, తిప్పి చూడాలి. ఊగిసలాట లేదని, బీట లేదని తేలాకే మిగతా పని. గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్నని కాగితం దాకా రుద్ది, మిగిలిన చిన్న గుంటలను లోహపు పొడి కలిసిన పుట్టీతో నింపి, ప్రైమరు, రంగు, చివర పారదర్శకమైన లాకరు పూస్తారు. లేతు మీద ముఖం కోసి మెరిపించే రకం చక్రమైతే మళ్ళీ లేతు పట్టించి పలుచని పొర తీస్తారు. ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి ఆ పని ఎన్నోసార్లు చేయరాదు. కళింగపట్నం, బారువ వంటి సముద్రపు ఊళ్ళలో గీతను అలాగే వదిలేయడమూ మంచిది కాదు. లాకరు తెగిన చోట ఉప్పుగాలి దూరి, రంగు కింద తెల్లని బూజులా తుప్పు పాకుతుంది.

ప్రమాదమల్లా పుట్టీ ఎక్కడ ఆగాలో తెలియకపోవడంలో ఉంది. అంచు మీద గీత నింపవచ్చు. ఆకులోనో, టైరు కూర్చునే గాడిలోనో బీట ఉంటే దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయడం మోసమే అవుతుంది. బీటను వెల్డింగు చేస్తే ఆ చుట్టుపక్కల లోహం తన పాకాన్ని కోల్పోతుంది. పౌడరు కోటింగు కోసం 200 డిగ్రీల దాకా కాచేటప్పుడు కూడా వేడికి, సమయానికి లెక్క ఉండాలి. ఎక్కువైతే రంగు బాగుంటుంది గాని చక్రం బలం తగ్గుతుంది. సన్నని బీట కంటికి కనబడదు. ఎర్రని ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లితే బీటలోని ఎరుపు పైకి వచ్చి కనిపిస్తుంది. కంచరి వేలికి, రైలు సుత్తికి నేటి వారసత్వం ఆ పరీక్షే. అది చేయకుండా వేసిన రంగు, చక్రం లోపలి సంగతిని యజమానికి తెలియనీయకుండా దాచుతుంది. రహదారి మీద వందకు పైబడిన వేగంలో ఆ దాపరికానికి మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి రావచ్చు.

“అంత భయమైతే పారేసి కొత్తది కొనుక్కోవచ్చుగదా” అనవచ్చు. బీటపడినదాన్ని పారేయవలసిందే. కాని ఒక్క గీత కోసం పారేయడం నాకు సమ్మతం కాదు. ఒక టన్ను అల్యూమినియానికి రమారమి నాలుగు టన్నుల బాక్సైటు కావాలి. పది కిలోల చక్రమంటే నలభై కిలోల కొండ. మన తూర్పు కనుమల్లో ఆ కొండలున్నాయి, ఆ కొండల మీద గిరిజనులున్నారు. విశాఖ మన్యంలో బాక్సైటు తవ్వకాలకు 2015లో వెలువడిన 97వ నంబరు ఉత్తర్వు ఎంత అలజడి రేపిందో, 2019లో ఆ అనుమతులు ఎలా రద్దయ్యాయో మనకు తెలుసు. పాత చక్రాన్ని కరిగించి మళ్ళీ పోత పోయవచ్చు, దానికి కొత్త లోహానికయ్యే విద్యుత్తులో ఇరవయ్యవ వంతు చాలు. అయినా పైగీతకు అసలు కరిగించడమే ఎందుకు? రుద్ది, పూసి వాడుకోవడమే న్యాయం.

కనుక మంచి పనివాడికి రెండు మాటలు చెప్పే ధైర్యం ఉండాలి: “ఇది బాగవుతుంది”, “ఇది బాగుకాదు”. రెండవ మాట చెప్పినందుకు కూడా అతనికి కూలి ఇచ్చే అలవాటు మనకు కావాలి. రంగు వేయకముందు, లోహం నగ్నంగా ఉన్నప్పుడే చక్రాన్ని చూపించమని అడిగే అలవాటు కూడా.

మిత్రులకు ఒక మనవి. సాలూరు, పాలకొండ, టెక్కలి వైపు బండి చక్రం చేయగల వృద్ధ వడ్రంగులు, పట్టా తొడగగల కమ్మరులు ఎవరైనా మీ ఊళ్ళో ఉంటే, చక్రంలోని ఒక్కొక్క భాగానికి వారు పలికే పేరు వ్రాసిపెట్టండి. చక్రం పనికి వస్తుందో రాదో ఎలా గుర్తుపట్టేవారో కూడా అడగండి. పేర్లు నిఘంటువుల్లో కొన్నయినా దొరుకుతాయి. ఆ గుర్తుపట్టే తీరు మాత్రం వారితోనే వెళ్ళిపోతుంది.