చేతిసంచిలోని యంత్రములు: వాకాడు ప్రయాణికుల కొఱకొక చరిత్ర

పూర్వపు నెల్లూరు సీమ దక్షిణభాగమున, స్వర్ణముఖీ నది కడలిని సమీపించు తావున వాకాడు కలదు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అది తిరుపతి జిల్లాలో చేరినను, ఆ యూరి మాటతీరును, వరిమడులును, రొయ్యల గుంటలును నేటికిని నెల్లూరు సీమవే. దానికి చేరువనున్న విద్యానగరమున 1979లో ఎన్.బి.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల వెలసిన పిదప, ఆ చుట్టుపట్ల చదువుకొన్న పిల్లలు గూడూరులో రైలెక్కి చెన్నపట్నము చేరి, మీనంబాకపు విమానాశ్రయమునుండి దుబాయి, దోహాల మీదుగా అమెరికా పోవుట పరిపాటియైనది. వారికంటె ముందే జీవనోపాధికై కువైటు మొదలగు అరబ్బు దేశములకు పోయి, టేపురికార్డరు పెట్టెను చంకనిడుకొని తిరిగివచ్చినవారును కలరు. ఈ ప్రయాణికులెల్లరు విమానద్వారముకడ ఒక ప్రశ్నను ఎదుర్కొనవలసివచ్చినది: ఈ యంత్రమును చేతిసంచిలో ఉంచుకొనవచ్చునా, సామానులో వేయవలెనా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పబడినది. ఒక కాలపు సమాధానము మఱియొక కాలమున అపరాధమైనది. ప్రతి సమాధానము వెనుకను ఒక భయమో, ఒక మహావిపత్తో ఉన్నది.

విమానమునకు సంబంధించి ప్రభుత్వముల అనుమానదృష్టి మొదట పడిన యంత్రము కెమెరా. ప్రథమ ప్రపంచ సంగ్రామమున ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములు శత్రువుల కందకములను, ఫిరంగి స్థావరములను ఉన్నవి ఉన్నట్లు చూపుటతో, కెమెరాతో విమానమెక్కినవాడు ఆయుధముతో ఎక్కినవానితో సమానుడని పాలకులకు తోచెను. 1934 నాటి విమాన చట్టము ననుసరించి 1937లో వెలువడిన విమాన నియమావళి యందలి 13వ నియమము, వ్రాతపూర్వకమైన అనుమతి లేక ప్రభుత్వ విమానాశ్రయమునందు గాని, ఎగురుచున్న విమానమునుండి గాని ఛాయాచిత్రము తీయరాదని శాసించినది. మన తీరవాసులకు ఈ భయము వింత కాదు. వాకాడు మండలములోని దుర్గరాజపట్నమున ఆంగ్లేయ వర్తక కంపెనీవారు, చెన్నపట్నపు కోట పుట్టుటకు పుష్కరకాలము ముందే, ఆర్మగాన్ అను పేర గిడ్డంగి కట్టి ఫిరంగులు నిలిపిరి. ఆ తీరమునకే దక్షిణమునగల శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్టు ఎగసినది మొదలు, ఆ దీవి దేశపు అతి జాగరూకమైన రక్షిత ప్రదేశములలో ఒకటియైనది. ఉత్తరమునుండి చెన్నపట్నమునకు తీరము వెంబడి దిగు విమానములో కిటికీ చెంత కూర్చున్నవాడు, మబ్బులేని దినమున పులికాటు సరస్సును, దానికిని సముద్రమునకును నడుమనున్న ఇసుకదీవిని చూడగలడు. అట్టి దృశ్యమును చిత్రించు యంత్రమును గూర్చి రాజ్యము జాగ్రత్త వహించుటను నేను తప్పుపట్టను. అయినను భూమికి వందల క్రోశుల ఎత్తున తిరుగు ఉపగ్రహములు అంగుళమంగుళమును చిత్రించుచున్న కాలములో ఆ నియమము అదే రూపమున చిరకాలము నిలిచియుండుట ఆలోచింపదగిన విషయమే.

రెండవ అనుమానము రేడియోపై పడినది. ట్రాన్సిస్టరు వచ్చి రేడియో చేతిలో ఇమిడిన పిదప, దానిని విమానములో వినగోరినవారు బయలుదేరిరి. ఎఫ్.ఎం. రేడియో తాను వినదలచిన తరంగముకంటె 10.7 మెగాహెర్ట్జుల ఎత్తున తనలో తానొక తరంగమును పుట్టించుకొనును. అది 108 మొదలు 118 మెగాహెర్ట్జుల వరకుగల మార్గదర్శక తరంగముల నడుమ పడి, దిక్కు చూపు పరికరమును తడబఱచునని శంక కలిగినది. అందుచేత 1960వ దశకమున అమెరికా ప్రభుత్వము గగనమార్గమున అట్టి రేడియోలను నిషేధించెను. వినికిడి యంత్రములకు, స్వరలేఖన యంత్రములకు మినహాయింపు నిచ్చెను. మన దేశమునందైతే నేలమీద రేడియో వినుటకే తపాలా కార్యాలయమున లైసెన్సు పుచ్చుకొనవలసిన రోజులవి; ఆ లైసెన్సు విధానము 1985 వరకు సాగినది.

ఆ 1985వ సంవత్సరమే ఈ చరిత్రను రెండుగా చీల్చినది. అంతకు ముందు 1976 సెప్టెంబరు 10న ఢిల్లీనుండి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానమును దుండగులు లాహోరునకు మళ్లించుటతో, ఆ ఘటనపై నియమింపబడిన పాండే సంఘపు సూచన ననుసరించి 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగము ఏర్పడెను. ఆనాటి తనిఖీ ముఖ్యముగా తుపాకులను, కత్తులను ఉద్దేశించినది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియావారి కనిష్క విమానము ఐర్లండు సముద్రతీరమునకు ఆవల నడియాకాశమున పేలి 329 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ దినముననే జపానులోని నరీటా విమానాశ్రయమున సామాను మోయు కార్మికు లిద్దరిని బలిగొన్న బాంబు ఒక రేడియో ట్యూనరులో దాచబడినదని పరిశోధకులు శకలములనుండి నిర్ధారించిరి. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీపై కూలిన పాన్ యాం విమానమునందు మృత్యువు రేడియో క్యాసెట్టు పెట్టెలో కూర్చుండెను. అచట హతులైనవారు 270 మంది. ఈ రెండింటి నడుమ, 1987 ఏప్రిల్ 1న, మన భద్రతా విభాగము స్వతంత్ర శాఖగా రూపొందినది.

కువైటునుండి కష్టార్జితముతో కొని తెచ్చిన టూ-ఇన్-వన్ పెట్టెను అధికారి అటునిటు త్రిప్పి, బరువు చూచి, మ్రోగించి చూపుమనుట ఆ తరువాతి కాలమునకు సహజమైనది. కెమెరా గలవానిని ఒక చిత్రము తీసి చూపుమనుటయు అట్టిదే. మన దేశపు విమానాశ్రయములలో బహుకాలము డ్రై సెల్సును చేతిసంచిలో ఉంచనిచ్చువారు కారు. టార్చిలోనివి, ఫ్లాషులోనివి, కెమెరాలోనివి అన్నియు ఊడదీసి ఒక డబ్బాలో వేసెడివారు. పెండ్లిండ్లకు, వార్తాపత్రికలకు ఛాయాచిత్రములు తీయువారికి మఱియొక దిగులుండెడిది. మసక వెలుగునకు అనువైన 800 వేగముగల ఫిల్ము ఎక్స్-కిరణముల వలన మసకబాఱునేమోయని ఫిల్ము చుట్టలను వేఱుగా పారదర్శకమగు సంచిలో నుంచి, చేతితో పరీక్షింపుడని బ్రతిమాలుకొనెడివారు. దయగల అధికారి దొరికిన, మూత తీసి వాసన చూచి పంపెడివాడు. దొరకనిచో ఆ చుట్టలు యంత్రము నోటబడి పోవలసినదే.

ఇక 2017 మార్చి 21. ఆ దినమున అమెరికా ప్రభుత్వము పది విమానాశ్రయములనుండి తమ దేశమునకు వచ్చు విమానములలో చేతిఫోను కంటె పెద్దదగు ఏ విద్యుద్యంత్రమును కేబిన్‌లో ఉంచరాదని ఆజ్ఞాపించి, విమానసంస్థలకు 96 గంటల గడువిచ్చెను. లాప్‌టాప్, టాబ్లెట్టు, కెమెరా, అన్నియు క్రింది అఱలోనికి దిగవలసినదే. పేలుడు పదార్థమును లాప్‌టాప్ గర్భమున ఇమిడ్చు పన్నాగము నడచుచున్నదను సమాచారము దీనికి హేతువు. అంతకు ముందటేడు ఫిబ్రవరిలో సోమాలియాపై దాల్లో సంస్థవారి విమానమున లాప్‌టాప్ పేలి ప్రక్కగోడకు రంధ్రము పడియుండుటచేత ఆ భయము నిరాధారము కాదు. అయితే ఆ పది పేర్లలో దుబాయి, దోహా, అబుధాబి, కువైటు ఉండుటచే, మన తెలుగువారిపై దెబ్బ నేరుగా పడినది. హైదరాబాదునుండి చికాగోకు నేరుగా విమానము 2021 జనవరిలో గాని రాలేదు. 2017లో తెలుగునాట అమెరికా ప్రయాణ మనగా చాలమందికి గల్ఫు మీదుగా పోవుటయే. లాప్‌టాప్ విడిచిన జీతము నడువని ఉద్యోగులు, యజమాని రహస్యములున్న ఆ యంత్రమును కంటికి కనబడని అఱలో ఎట్లు వేయగలరు? కెమెరాలును కటకములును పగిలినచో, పోయినచో, విమానసంస్థల ఒప్పందపత్రములు పెళుసు వస్తువుల బాధ్యత తమది కాదని ముందే చెప్పుకొన్నవి. ఎమిరేట్సువారు ద్వారము వరకు లాప్‌టాప్ వాడుకొననిచ్చి అచట అప్పగించు ఏర్పాటు చేసిరి. ఎమిరేట్సు, ఖతార్ సంస్థలు తమ యంత్రములను ఎరువిచ్చినను, ఆ సౌకర్యము హెచ్చు వెలగల తరగతులవారికే దక్కినది.

ఇక్కడ నా మనసును కలతపెట్టు విషయము వేఱొకటి. బ్రిటను ప్రభుత్వమును ఆ దినముననే అట్టి నిషేధము విధించెను గాని, దాని జాబితాలో దుబాయి, దోహా, అబుధాబి లేవు. మిత్రరాజ్యములు రెండు ఒకే ప్రమాదమును చూచి రెండు పటములు గీసినవి. ఏప్రిల్ మొదట ఐరోపా విమాన భద్రతా సంస్థ మఱొక హెచ్చరిక వెలువరించుచు, లిథియం బ్యాటరీగల యంత్రములను సాధ్యమైనంతవరకు కేబిన్‌లోనే ఉంచవలెనని, అడుగున అంటుకొనిన నిప్పును ఆర్పుట కష్టమని తెలిపెను. బాంబు భయము యంత్రమును క్రిందికి త్రోయగా, నిప్పు భయము దానిని పైకి లాగినది. ఆ యేటి జూలై 2న అబుధాబికి, తరువాత కొలది దినములలో దుబాయికి, దోహాకు, ఆ మాసము ముగియులోపున తక్కిన చోట్లకు నిషేధము సడలిపోయినది.

నేడు ఏలుచున్నది నిప్పు భయమే. లిథియం బ్యాటరీ లోపల వేడి పుట్టినచో ఒక కణము మండి ప్రక్కదానిని మండించును. సామాను అఱలోని ఆర్పు వాయువు మంటను అణచును గాని ఆ లోపలి గొలుసును తెంపజాలదు. కేబిన్‌లోనైతే సిబ్బంది చూచి నీరు పోసి చల్లార్చగలరు. 2016 సెప్టెంబరులో సింగపూరునుండి చెన్నపట్నమునకు వచ్చుచున్న ఇండిగో విమానమున తలపైని అఱలో ఒక ఫోను పొగలు గ్రక్కగా, సిబ్బంది దానిని ఆర్పి నీటిలో ముంచి సురక్షితముగా దిగిరి. అదే ఫోను సామాను అఱలో నుండినచో పొగను మొదట చూచువారెవరు? కనుకనే ఒకనాడు చేతిసంచిలో పనికిరాదన్న బ్యాటరీ, విడిగా నున్నచో నేడు చేతిసంచిలోనే ఉండితీరవలెను. దాని పరిమితి వాట్-గంటలలో నిర్ణయింపబడినది: 100 వరకు అడ్డులేదు, 100 మొదలు 160 వరకు సంస్థ అనుమతి కావలెను, ఆపైన అసలే తగదు. పవర్ బ్యాంకుపై 20,000 మిల్లియాంపియర్-గంటలని ఉన్నచో, దానిని 3.7 వోల్టులచే గుణించి వేయిచే భాగింపగా 74 వచ్చును. 30,000 అని ఉన్నచో 111 వచ్చి హద్దు దాటును. సామాన్యపు కెమెరా బ్యాటరీ 14 ప్రాంతము గనుక చిక్కు లేదు. 2025 అక్టోబరు 1 నుండి ఎమిరేట్సువారు పవర్ బ్యాంకు ఒక్కదానినే అనుమతించి, విమానములో దాని వాడుకను మాన్పించిరి.

ఛాయాచిత్రపు నియమమును ఈలోపున సడలినది. 2004 డిసెంబరు నాటి ఉత్తరువు సామాన్య ప్రయాణికుడు విమానములో చిత్రములు తీసికొనుటకు అవకాశ మొసగెను. 2020 సెప్టెంబరులో ఒక విమానమున వార్తాహరులు గుమిగూడి గందరగోళము చేసినపుడు ఆ విషయము మరల చర్చకు వచ్చి, భద్రతకు భంగము కలిగించు చిత్రణము మాత్రమే తగదని స్పష్టపఱచబడినది. 2025 మేలో సైనిక విమానక్షేత్రములకడ కిటికీ తెరలు దించుడని, చిత్రములు తీయవలదని మరల ఆదేశము వచ్చినది. 1937 నాటి శంక చావలేదు, అవసరమైనచోటికి పరిమితమైనది.

ఈ నియమములన్నియు మనుష్యుల ప్రాణములు వెలగా చెల్లించి నేర్చినవి. వానిని నేను గౌరవింతును. కాని గూడూరు రైలుదిగి తొలిసారి విమానమెక్కబోవు వాకాడు తండ్రికి, కుమారునికి ఇచ్చుటకై పెట్టెలో పెట్టుకొన్న పవర్ బ్యాంకును ఎవరో పెట్టె తెఱచి తీసికొనినపుడు, ఏలయని చెప్పువారు లేరు. రేణిగుంట, మీనంబాకము విమానాశ్రయములలో సామాను అప్పగించు బల్లకడనే, బ్యాటరీ ఏల చేతిసంచిలో ఉండవలెనో, లెక్క ఎట్లు కట్టవలెనో తెలుగులో నాలుగు పంక్తుల పలక నిలుపవలసినదని విమానాశ్రయాధికారులను కోరుచున్నాను.