అగ్గి తెగులు శిలీంధ్రం

అగ్గి తెగులు వరి పైరుకు సోకే ప్రధానమైన శిలీంధ్ర వ్యాధి. దీనిని కలుగజేసే శిలీంధ్రం శాస్త్రీయ నామం మాగ్నపోర్తే ఒరైజే. దీనినే పైరిక్యులేరియా ఒరైజే అని కూడా వ్యవహరిస్తారు. తెలంగాణలో రాజంపేట మండలం ఉన్న కామారెడ్డి జిల్లా వంటి వరి ప్రాంతాలలో, యాసంగిలో రాత్రి ఉష్ణోగ్రతలు తగ్గి మంచు కురిసే రోజులు ఈ తెగులుకు అనుకూలం. నత్రజని ఎరువు మోతాదు మించితే ఉధృతి పెరుగుతుంది.

లక్షణాలు

ఆకులపై నూలుకండె ఆకారంలో, మధ్య బూడిద రంగు, అంచులు గోధుమ రంగు గల మచ్చలు ఏర్పడతాయి. వెన్ను మొదట సోకితే కంకి విరిగి వాలిపోతుంది, గింజ తాలుగా మారుతుంది. దీనిని మెడ విరుపు అంటారు.

క్రోమోసోములు

ఈ శిలీంధ్రంలో 7 ప్రధాన క్రోమోసోములు ఉంటాయి. దీని జన్యుపటం 2005లో ప్రచురితమైంది. అందులో సుమారు 11,000 జన్యువులను గుర్తించారు. కొన్ని విభేదాలలో వీటికి అదనంగా చిన్న క్రోమోసోములు కూడా ఉంటాయి. ఇవి అన్ని విభేదాలలో ఉండవు. వీటి సంఖ్య, పరిమాణం కూడా మారుతుంటాయి. పొలంలో ఈ శిలీంధ్రం ఎక్కువగా అలైంగిక సిద్ధబీజాల ద్వారానే వ్యాపిస్తుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో వలె క్రోమోసోములు జతకూడవలసిన అవసరం లేనందున ఇటువంటి మార్పులు నిలిచిపోగలవు.

వైవిధ్యం, నిరోధక శక్తి

శిలీంధ్రంలోని కొన్ని జన్యువుల ఉత్పత్తులను వరిలోని నిరోధక జన్యువులు గుర్తించి తెగులును అడ్డుకుంటాయి. శిలీంధ్రం ఆ జన్యువును కోల్పోతే వరి దానిని గుర్తించలేదు. వరిలోని పీఐ-టా జన్యువు గుర్తించే ఎవీఆర్-పీటా జన్యువు క్రోమోసోము కొన వద్ద ఉండటం వలన సులభంగా తొలగిపోగలదు. ఒకే నిరోధక జన్యువు గల రకాన్ని విస్తారంగా సాగు చేసినప్పుడు, దానిని తట్టుకోగల విభేదాలే మిగిలి వృద్ధి చెందుతాయి. అందువలన నిరోధక రకాలు కొన్ని సంవత్సరాలకే తెగులుకు లొంగిపోవడం కద్దు.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరి (బీపీటీ 5204) నాణ్యమైన బియ్యానికి ప్రసిద్ధి పొందినా ఈ తెగులుకు సులభంగా లొంగుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పీఐ-2, పీఐ-54 అనే నిరోధక జన్యువులను ఈ రకంలోకి ప్రవేశపెట్టారు. రెండు జన్యువులు కలిసి ఉంటే శిలీంధ్రం రెండింటి నుండి ఒకేసారి తప్పించుకోవడం కష్టం.

ఇతర పంటలు

ఈ శిలీంధ్రపు వేరొక వంశం గోధుమకు సోకుతుంది. ఇది మొదట 1985లో బ్రెజిల్‌లో, తరువాత 2016లో బంగ్లాదేశ్‌లో కనబడింది. రాగి, కొర్ర పైర్లకు కూడా అగ్గి తెగులు సోకుతుంది.