పరంజాను నిలిపెడు బరువు

అహోబిలము వెళ్లినవారు దిగువనున్న ప్రహ్లాదవరదుని ఆలయమును, దాని గోపురమును, ఎదుటనున్న రాతిస్తంభమును చూచియుందురు. ఆ స్తంభము శ్రీకృష్ణదేవరాయల జయస్తంభమని చెప్పుదురు. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచిన పిదప ఈ క్షేత్రమునకు వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించినట్లు ఇచ్చటి శాసనము తెలుపుచున్నది. రాజు కానుకలు రాతిపై నిలిచినవి. గోపురముపై ఇటుక పేర్చి, సున్నము మెత్తిన పనివారు కాలు మోపిన పరంజా మాత్రము మిగులలేదు. పని ముగియగానే విప్పివేయుదురు గనుక ఏ పరంజాయు మిగులదు.

అంత ఎత్తున మనిషి గోడ వెలుపల నిలిచినపుడు అతని బరువునకు ఎదురు నిలిచెడు బరువు ఏది? దీనినే ప్రతిభారము అందుము. దానిని ఎన్నుకొనుట ఎట్లో మానవుడు చాలకాలము అనుభవము వలన, పిదప గణితము వలన, కొన్నిమారులు ప్రాణనష్టము వలన నేర్చుకొనెను.

గోడయే ప్రతిభారము

ఇటుకగోడ కట్టునపుడు మేస్త్రీలు వరుసగా చిన్న చదరపు కన్నములు వదలుదురు. వాటిలో వెదురు వాసముల కొనలు దూర్చి, పైన బల్లలు పరతురు. పూతపని పైనుండి క్రిందికి దిగుచుండగా వాసములు లాగివేసి కన్నములు పూడ్చుదురు. ప్రాచీన రోములోను, మధ్యయుగపు ఐరోపాలోను ఈ పద్ధతియే ఉండెను. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున 1420-1436 మధ్య బ్రూనెలెస్కి గొప్ప గుమ్మటమును కట్టించినపుడు పనివారి వేదికలకు కట్టడమే ఆధారమయ్యెను.

ఇందలి సూత్రము సులభము. వాసము వెలుపలి కొనపై మనిషి కాలు మోపగానే లోపలి కొన పైకి లేవజూచును. దానిపైనున్న గోడ బరువు లేవనీయదు. అనగా కట్టడమే తన్ను కట్టువానికి ప్రతిభారము.

అయితే ఆ గోడ గట్టిపడియుండవలెను. సున్నపు అడుసు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా రాయి యగును. దీనికి వారములు, నెలలు పట్టును. ఈ ఓర్పు లోపించినపుడు ఏమగునో 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున విల్లో ఐలండు వద్ద తెలిసినది. అచ్చట విద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురము కట్టుచు, పరంజాను అంతకు ముందునాడు పోసిన కాంక్రీటుకే బిగించిరి. ఆ కాంక్రీటు ఇంకను తగినంత గట్టిపడలేదు. అది విరిగి పరంజా కూలగా 51 మంది మరణించిరి.

ఏతాము నేర్పెడు పాఠము

ప్రతిభారమును మన రైతులు పొలములోనే ఎరుగుదురు. ఏతములో నిలువు స్తంభముపై ఒక పొడుగాటి మ్రాను తూగుచుండును. ఒక కొనకు బాన, రెండవ కొనకు రాయి. ఈజిప్టు రైతులు రాతికి బదులు మట్టిముద్దను పెట్టిరి. మన దేశములోని పెద్ద ఏతములలో మనుష్యులే మ్రానుపై ముందుకు, వెనుకకు నడచుచు ప్రతిభారముగా పనిచేసిరి. 1800-1801లో దక్షిణదేశమున పర్యటించిన బుకానన్ ఈ యంత్రమును గూర్చి వ్రాసియున్నాడు.

ఏతముపై నడచువాని బరువు మారదు. ఆనుబిందువు నుండి అతని దూరమే మారును. అంతమాత్రముననే బాన మునుగును, లేచును. బరువును దూరముతో గుణించగా వచ్చెడు దానికి భ్రామకము అని పేరు. ఇరుప్రక్కల భ్రామకములు సమానమైనచో మ్రాను నిలుచునని క్రీ.పూ. 3వ శతాబ్దిలో ఆర్కిమిడీసు నిరూపించెను.

ఏ బరువును ఎన్నుకొనవలెను?

పాత గోపురములను బాగుచేయునపుడు క్రొత్తగా కన్నములు తొలచరాదు. సున్నపు బొమ్మలకు త్రాళ్లు బిగింపరాదు. గోడ సాయము లేనందున ప్రతిభారమును మనమే సమకూర్చవలెను. మేడ కప్పు అంచుమీదుగా ఒక దూలమును వెలుపలికి చాచి, దాని కొననుండి పనివారి వేదికను వ్రేలాడదీసితిమనుకొందము. వేదిక, ఇద్దరు మనుష్యులు, సామాను కలిసి 300 కిలోగ్రాములు. కప్పు అంచునుండి దూరము 0.6 మీటరు. భ్రామకము 180. లోపలి కొన అంచునుండి 3 మీటర్ల దూరమున ఉన్నచో 60 కిలోగ్రాములతో సరితూగును. 1.5 మీటర్ల దూరమే ఉన్నచో 120 కావలెను.

సరితూగినంత మాత్రమున చాలదు. ఒకడు వంగి బరువెత్తినను, వేదిక ఊగినను తూకము తప్పును. అందుచేత అమెరికా ప్రభుత్వము 1996లో ప్రకటించిన నిబంధనలలో ఇట్టి దూలములు దొర్లించెడు భ్రామకమునకు 4 రెట్లు తట్టుకొనవలెనని చెప్పిరి. మన లెక్కలో 3 మీటర్ల దూరమునకు 240, 1.5 మీటర్లకు 480 కిలోగ్రాములు పెట్టవలెను.

ఇక ఏ పదార్థము? 240 కిలోగ్రాములకు నీరైనచో 240 లీటర్లు కావలెను. పొడి ఇసుక దాదాపు 150 లీటర్లు, మన కర్నూలు, కడప సీమల నాపరాయి 90 లీటర్ల చోటున ఇముడును. నీరు కారిపోవును; సంచి చిరిగినచో ఇసుక జారిపోవును. బరువు తగ్గుచున్న సంగతి క్రిందనున్న పనివానికి తెలియదు. అందుచేత ఆ నిబంధనలు జారిపోవు పదార్థములను నిషేధించినవి.

మరి నాపరాయి మంచిదే కదా? దానికిని ఒక దోషమున్నది: అది పనికివచ్చు వస్తువు. ప్రొద్దున ప్రతిభారముగా పెట్టిన బండను మధ్యాహ్నము మరియొకడు మెట్టు వేయుటకు తీసికొనిపోవచ్చును. ఇటుకలు, సిమెంటు బస్తాలు కూడ ఇంతే. అందుచేతనే కట్టడపు సామాను ప్రతిభారముగా వాడరాదనియు, అందుకొరకే చేసిన దిమ్మెలను దూలమునకు బిగించవలెననియు నియమము. మన దేశమునను పరంజాల భద్రతకు భారతీయ ప్రమాణ సంస్థ 1966లో నియమావళిని వెలువరించెను.

అడుగున వేయు బరువు

నేలపై ఒంటరిగా నిలిచెడు పరంజాకు శత్రువు గాలి. నల్లమల లోయలలోని క్షేత్రములకు ఈ మాట ముఖ్యము. 200 కిలోగ్రాముల పరంజా 2 మీటర్ల వెడల్పు పీఠముపై నున్నదనుకొందము. దాని గరిమనాభి అంచునుండి 1 మీటరు దూరమున ఉండును గనుక నిలిపెడు భ్రామకము 200. 4 మీటర్ల ఎత్తున 60 కిలోగ్రాముల బలముతో గాలి త్రోసినచో పడద్రోసెడు భ్రామకము 240, పరంజా పడిపోవును. నాలుగు కాళ్ల వద్ద నూరేసి కిలోగ్రాములు చేర్చినచో నిలిపెడు భ్రామకము 600 అగును. గాలి ఏ దిక్కునుండియైన రావచ్చును గనుక నాలుగింటికి సమముగా వేయవలెను. గాలివేగము రెట్టింపైనచో దాని బలము నాలుగు రెట్లగును. ఎండకని పరంజాకు తడికలు కట్టినచో గాలి ఆనెడు వైశాల్యము పెరుగును. ఈదురుగాలి లేచినపుడు బరువును నమ్ముకొనక పనివారు దిగవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

30 సెంటీమీటర్ల స్కేలును సరిగా సగము బల్ల అంచు దాటునట్లు ఉంచుడు. అంచునుండి 10 సెంటీమీటర్ల దూరమున, వెలుపల ఒక నాణెము, లోపల ఇసుక పొట్లము పెట్టుడు. పొట్లము నాణెముకంటె కొంచెము బరువుగా ఉండవలెను. ఇప్పుడు పొట్లమును అంచువైపు మెల్లగా జరిపిన స్కేలు పడిపోవును. మరల మొదటివలె అమర్చి, పొట్లమునకు పెన్సిలు మొనతో కన్నము చేసి, ఇసుక బల్లపైకి కారనిండు. చాలసేపు ఏమియు జరుగదు. పిమ్మట స్కేలు ఒక్కసారిగా ఒరగును. ఏ హెచ్చరికయు ముందుగా రాలేదని విద్యార్థులు గమనింతురు. పరంజాపై నున్న మనిషికిని అట్టి హెచ్చరిక రాదు. కావున అతడు ఎక్కుటకు ముందే ఎవరో ఒకరు పైకి పోయి, బరువు పెట్టినచోటనే ఉన్నదా అని ప్రతి ఉదయము చూడవలెను.