పెదనాన్న మొహానికి బూడిద ఎవరు పూశారు?

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడదాం.

మిర్చి రైతు అయిన మా పెదనాన్నతో ఇంటర్వ్యూ చేశా కదా, ఆ వీడియోలోంచే ఒక ఫ్రేమ్ తీసి థంబ్‌నెయిల్ పెట్టాను. గంటలో ఆయన ఫోన్: "ఏరా, నా మొహానికి బూడిద పూశావేంట్రా?" కామెంట్లలో ఇంకో గోల: "పెద్దాయనకి ఫెయిర్‌నెస్ ఫిల్టర్ అవసరమా బ్రో?"

ఒట్టు, నేను ఏ ఫిల్టరూ వాడలేదు. వీడియోలో ఆయన రంగు కరెక్ట్‌గానే ఉంది, ఫొటోలోనే వెలిసిపోయింది. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడితే వచ్చిన రంగు అది. దాన్ని నేను తుడిచేసినట్టయింది. సారీ చెప్పి ఊరుకోలేక బగ్ వెతికాను. వెతుక్కుంటూ పోతే 1982లో తేలాను!

ఆ ఏడాది టీవీ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చడానికి సీసీఐఆర్ 601 అనే స్టాండర్డ్ వచ్చింది. 8 బిట్స్ అంటే 0 నుంచి 255 దాకా అంకెలు. కానీ వాళ్ళు నలుపుని 0 దగ్గర కాకుండా 16 దగ్గర, తెలుపుని 235 దగ్గర పెట్టారు. ఎందుకంటే అనలాగ్ సిగ్నల్ ఒక్కోసారి హద్దు దాటి ఎగురుతుంది, దానికి పైనా కిందా కాస్త జాగా కావాలి. 0, 255 అంకెల్ని సింక్ కోసం పక్కన పెట్టేశారు.

కంప్యూటర్ ఫొటోకి ఈ గొడవ లేదు. నలుపు 0, తెలుపు 255, అంతే. అందుకే ఫ్రేమ్‌ని ఫొటోగా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ 16ని 0కి, 235ని 255కి సాగదీయాలి. నా ఎక్స్‌పోర్ట్‌లో డేటా లెవెల్స్ 'వీడియో' అని ఉండిపోయింది, సాగదీయడం జరగలేదు. నలుపు కాస్తా ముదురు బూడిదైంది. అంటే పెదనాన్న అన్నది అక్షరాలా నిజం! 'ఫుల్' అని మార్చగానే మొహం మళ్ళీ ఆయన మొహమే అయింది.

మీకు వేరే జబ్బు ఉండొచ్చు. నలుపు, తెలుపు బాగానే ఉండి, మధ్య టోన్లు మాత్రమే తేలిపోయాయా? అయితే అది గామా. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో సిగ్నల్ సగం ఇస్తే వెలుతురు సగం రాదు, సుమారు ఐదో వంతే వస్తుంది. ఆ వంపు లెక్కే గామా. విండోస్ కంప్యూటర్లు 2.2 దగ్గర ఉంటే, మ్యాక్ 1.8 వాడేది. మ్యాక్‌లో బాగున్న ఫొటో పీసీలో చీకటిగా కనిపించేది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించాయి. మ్యాక్ 2009లో స్నో లెపర్డ్‌తో 2.2కి వచ్చింది. టీవీ వాళ్ళు మాత్రం 2011లో స్టూడియో మానిటర్లకి 2.4 అని రాసుకున్నారు. 2.4లో చూసి రంగులు దిద్దిన ఫ్రేమ్‌ని 2.2 స్క్రీన్‌లో చూస్తే తేలిపోకుండా ఎలా ఉంటుంది?

బూడిద రంగులు అలాగే ఉండి, ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే మారాయా? అది 1990 నాటి కథ. హెచ్‌డీ కోసం రెక్ 709 వచ్చినప్పుడు వెలుతురు లెక్కలో ఆకుపచ్చ వాటా 58.7 శాతం నుంచి 71.5 శాతానికి మారింది. ఒక లెక్కతో కట్టిన మూటని ఇంకో లెక్కతో విప్పితే రంగులు జారతాయి.

కాబట్టి స్లైడర్లు లాగి ఫొటోని దిద్దకండి, ముందు జబ్బేంటో కనుక్కోండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫొటోని మళ్ళీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి, అసలు ఫ్రేమ్ పక్కన పెట్టి స్కోప్స్ చూడండి. రెండూ ఒకేలా ఉంటే, ఎక్కువ సార్లు తేడా ఫైల్లో ఉండదు, మీరు చూస్తున్న యాప్‌లో ఉంటుంది. తేడా ఉంటే మూడు ప్రశ్నలు: నలుపు లేచిందా? మధ్య టోన్లు మారాయా? రంగులు మాత్రమే జారాయా? వరసగా లెవెల్స్, గామా, 601-709 లెక్క చెక్ చేయండి.

వీటిలో ఏదీ ఎవరూ మూర్ఖంగా తీసుకున్న నిర్ణయం కాదు. వాళ్ళ టైమ్‌కి అన్నీ కరెక్టే. కాకపోతే అవన్నీ ఇప్పుడు మన ఒక్క ఫోన్‌లో కలిసి కాపురం చేస్తున్నాయి. వాటి మధ్య సర్దిచెప్పే పని మనదే.

కొత్త థంబ్‌నెయిల్ పెదనాన్నకి పంపాను. "ఆఁ, ఇప్పుడు నేనే" అన్నారు. నాకు అది చాలు. ఉంటాను మరి!