రేడియేటరు మూత కథ

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రోడ్డు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన పిదప అనంతగిరి కొండల మలుపులు మొదలగును. సముద్రపు టొడ్డున బయలుదేరిన బండి 900 మీటర్లకు పైగా ఎక్కవలెను. అంబాసిడరు కార్లు తిరిగిన కాలమున డిక్కీలో నీళ్ళ డబ్బా లేనిదే ఇట్టి ఘాటు రోడ్డు ఎక్కుటకు డ్రైవర్లు సాహసించెడివారు కారు. ఆవిరి కనబడగానే బండి ఆపుట, రేడియేటరు మూత విప్పుట, నీరు పోయుట, మరల సాగుట - ఇది ఒక ఆచారమైనది. ఆ ఆచారము ఒకప్పుడు సరియైనదే. తరువాత అదే చేతులు, ముఖము కాల్చునదైనది. ఈ మార్పు ఎట్లు వచ్చెనో తెలియుటకు కారు పుట్టిననాటికి పోవలెను.

సిలిండరులో మండు వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెంటీగ్రేడును మించును. పెట్రోలునందలి శక్తిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే బండిని నడుపును. దాదాపు మూడవ వంతు ఇంజను గోడలగుండా నీటికి చేరును. మిగిలినదానిలో చాల భాగము పొగతో పోవును. ప్రయాణికులతో కలిసి 1,500 కిలోగ్రాములుండు కారు 900 మీటర్లు ఎక్కినచో, కేవలము ఆ ఎక్కుటవలన నీటికి చేరు వేడితోనే దాదాపు 60 లీటర్ల చన్నీరు మరుగు స్థితికి వచ్చును. విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును. సామాన్యపు కారులో నుండు నీరు పది లీటర్లకు మించదు.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన బండిలో ఈ వేడిని పోగొట్టు ఉపాయము మిక్కిలి సరళము. నీరు మరిగి ఆవిరియై పోవుటయే! 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ప్ఫోర్ట్స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిలో పోయెను. దారిపొడవున నీరు పోయుచునే యుండవలసివచ్చెను. అది బండి చెడుటవలన కాదు. ఆ యంత్రపు పద్ధతియే అది.

నీటిని పోగొట్టుకొనక, దానినే చల్లార్చి మరల వాడుకొనుట తరువాతి మెట్టు. 1900లో విల్‌హెల్మ్ మైబాఖ్ తయారుచేసిన మెర్సిడెస్ కారులో తేనెపట్టువంటి రేడియేటరు అమర్చెను. ఆరేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 అందులో కలవు. గొట్టములలో గాలి పోవును. వాని నడుమ సందులలో నీరు పారును. గాలికి తగులు వైశాల్యము పెరుగుటచే కొలది నీరే చాలెను. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి కారులో, మొదటి కొలది బండ్లలో తప్ప, నీటి పంపే లేదు. వేడి నీరు తేలికయై పైకి పోవును, చల్లని నీరు క్రిందికి దిగును; ఆ ప్రవాహమే చాలునని తలచిరి. చదునైన నేలపై చాలును, కొండలలో చాలదు.

ఇంతవరకు మూత మూతయే. దుమ్ము పడకుండ కప్పునది మాత్రమే. దానిని మార్చినది విమానము. పైకి పోవుకొలది గాలి పీడనము తగ్గును, నీరు తక్కువ వేడికే మరుగును. అరకు ఎత్తుననే అది 97 డిగ్రీలకు మరుగును. కావున 1930ల విమాన ఇంజన్లలో నీటిని పీడనముతో బంధించిరి. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఈ పద్ధతి సామాన్యపు కార్లలో వ్యాపించెను. మూతలో స్ప్రింగు చేరెను. లోపల పీడనము వాతావరణ పీడనమునకు రెట్టింపైనచో నీరు సుమారు 120 డిగ్రీలవరకు మరుగదు. వంటింటి ప్రెషరు కుక్కరులో జరుగునది ఇదియే.

అట్టి బండిలో 5 లీటర్ల నీరు 110 డిగ్రీల వద్ద ఉన్నదనుకొనుడు. మూత విప్పినచో పీడనము క్షణములో తగ్గును. సుమారు 90 గ్రాముల నీరు ఉన్నపాటున ఆవిరియై 150 లీటర్లకు పైగా చోటు కోరును. మిగిలిన మరుగు నీటిని అది ఎగజిమ్మును. మూత మారినది, చేయి మాత్రము పాత అలవాటునే పట్టుకొనియున్నది. బండి ఆపి, ఇంజను కట్టి, పై గొట్టము చేతికి ఆనునంతగా చల్లారువరకు అరగంట, అవసరమైన అంతకంటె ఎక్కువ, ఆగుటయే మార్గము. ఆ పిమ్మటనైనను చన్నీరు ఒక్కసారిగా పోయరాదు. వేడి ఇనుము బీటవారును.

అయితే నీరు పోయుటవలన రోగము కుదరదు. పట్టణపు రద్దీలో మాత్రమే వేడెక్కు బండికి ఫ్యాను చెడినదని అనుమానింపవలెను. వేగముగా పోవునపుడు ఎదురుగాలియే ఫ్యాను పని చేయును. దూరప్రయాణమున వేడెక్కు బండి కథ వేరు. రేడియేటరు గొట్టములలో కఠిన జలపు పెచ్చు కట్టియుండవచ్చును. పెచ్చు లోహమంత వేడిని ప్రసరింపనీయదు. విశాఖవంటి రేవు పట్టణమున బొగ్గు, ఇనుప ఖనిజముల ధూళి, ఉప్పుగాలి రేడియేటరు రెక్కలను పూడ్చి, తినివేయును. రేడియేటరు మధ్య చల్లగాను అంచులు వేడిగాను ఉన్నచో లోపల పూడినదని గుర్తు. క్రింది గొట్టము మెత్తబడినచో, వేగము పెరిగినపుడు పంపు పీల్పునకు అది అణగిపోవును. బండి నిలిపి చూచునప్పటికి మరల మామూలుగా కనబడును. ఈ దొంగ రోగము ఎందరో మెకానిక్కులను త్రిప్పలు పెట్టినది. చల్లని ఇంజను నడిపి చూచినపుడు నీటిలో బుడగలు ఆగక వచ్చుచున్నను, ఆయిలు పాలవలె తెల్లబడినను హెడ్డు గ్యాస్కెట్టు పోయినదని సంశయింపవలెను.

మన దేశమున మరియొక అలవాటు కలదు: థర్మోస్టాటును పీకివేయుట. ఇంజను చల్లగా ఉన్నంతవరకు రేడియేటరుకు నీటిని పోనీయక, తగిన వేడికి మైనము కరగి ద్వారము తెరుచు చిన్న పరికరమది. మూసుకొనిపోయిన థర్మోస్టాటు ఇంజనును కాల్చుననుట నిజమే. మార్చవలసినదానిని తీసివేయుట మాత్రము వైద్యము కాదు. అది లేని ఇంజను వేడెక్కుటకు చాలసేపు పట్టును, పెట్రోలు ఎక్కువ త్రాగును, త్వరగా అరుగును.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచినది. నేటి కార్లలో చాలవాటికి రేడియేటరు ప్రక్కన పలుచని ప్లాస్టిక్ సీసా కలదు. వేడికి వ్యాకోచించిన ద్రవము అందులో చేరి, చల్లారినపుడు మరల లోనికి పోవును. దానిపై రెండు గీతలుండును. ద్రవము ఆ గీతల నడుమ ఉన్నదో లేదో ఘాటు ఎక్కకముందే, మూత ముట్టకుండ, చూడవచ్చును.